సైరన్ ఆగిన తర్వాత

(అత్యవసర సేవల్లో పనిచేస్తూ కన్నుమూసినవారి స్మృతిలో పల్నాడు జిల్లా రాజుపాలెంలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక మహనీయుడి పేరు మీద జరుగుతాయి. ఇవాళ మనం తలుచుకుంటున్నవారిలో చాలామంది పేర్లు వాళ్ల ఊరు దాటి ఎవరికీ తెలియవు. ఎదుటివాళ్ల ప్రాణం కోసం పరుగెత్తి, ఆ పరుగులోనే సొంత ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకు నా నివాళి. వాళ్లతో కలిసి పనిచేసి, ఇంకా ఆ పనిలోనే ఉన్నవాళ్ల గురించి మాట్లాడటమే వాళ్లకు మనం ఇవ్వగల సరైన గౌరవమని నమ్మి, మానసిక వైద్యుడిగా నాకు తెలిసిన నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాను.

పడిపోయినవారిని మరవని సీమ మనది. కారంపూడిలో ప్రతి కార్తీకంలోనూ రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు వీరారాధన చేస్తాం. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగినవారి కొణతాలను, అంటే ఆయుధాలను, నేటికీ భుజాన మోస్తాం. బాలచంద్రుడి పేరు చెబితే పసిపిల్లవాడి వెన్ను కూడా నిటారుగా నిలుస్తుంది. ఆ యుద్ధంలో బతికి బయటపడ్డ బ్రహ్మనాయుడు ఏమయ్యాడు? గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని పెద్దలు చెబుతారు. ఇక్కడికి దగ్గరలోనే ఉంది ఆ బిలం. అంతటి నాయకుడు, కళ్లముందు తన వాళ్లందరూ పోయాక, జనం మధ్య ఉండలేకపోయాడు. కథలో ఆ చివరి ఘట్టాన్ని మనం తొందరగా దాటేస్తాం. నేను ఇవాళ అక్కడే ఆగదలిచాను. యుద్ధం చూసి తిరిగొచ్చినవాడి మనసును ఎవరు చూసుకోవాలి?

మన రోడ్డు మీద, మన కాల్వల్లో

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఇరవై ఏళ్లలో ఆ మూడంకెలు తెలుగు ఇళ్లలో దేవుడి పేరంత సహజంగా నోటికి వచ్చేస్తున్నాయి. కొండమోడు జంక్షన్ దగ్గర లారీ, బైకు గుద్దుకున్నా, సాగర్ కుడి కాల్వలో ఎవరైనా జారిపడినా, పిడుగురాళ్ల సున్నపుబట్టీలో ఒళ్లు కాలినా, పొద్దుపోయాక పురిటినొప్పులు మొదలైనా మనం నొక్కేది ఆ మూడంకెలే. ఫోను పెట్టేశాక మన ఆలోచనంతా బండి ఎప్పుడొస్తుందనే. అందులో వచ్చే ఇద్దరి గురించి కాదు.

పత్తి, మిరప పండించే ఊళ్లు మనవి. పురుగుమందు తాగిన కేసులో ఆ బండి వెనక ఏం జరుగుతుందో చెబుతాను. లోపల ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సహాయకుడు, ఒక్కరే ఉంటారు. మనిషి నోట్లోంచి నురగ వస్తుంటుంది. ఒక పక్కకు తిప్పి పట్టుకుని, సక్షన్ పైపుతో లాగుతూ, ఆక్సిజన్ పెట్టి, ఫోన్‌లో డాక్టరు చెప్పినట్టు మందు ఎక్కించాలి. ఎదురుగా తల్లి కూర్చుని ఉంటుంది. ‘బతుకుతాడా నాయనా?’ అని అడుగుతూనే ఉంటుంది. ముందు పైలట్ గుంతలు తప్పిస్తూ, అద్దంలోంచి ఒక కన్ను వెనక్కి వేస్తూ నడుపుతుంటాడు. ఆస్పత్రిలో అప్పగించి, కాగితాల మీద సంతకం చేయించుకుని, బండి నేలను ఫినాయిల్‌తో కడుగుతారు. ఆ తడి ఆరకముందే ఇంకో కాల్ వస్తుంది. ఆ కుర్రాడు బతికాడో లేదో వాళ్లకు చాలాసార్లు తెలియదు. తెలిసేది వాసన ఒక్కటే. చొక్కా ఉతికినా ముక్కులోంచి పోదు. వారం తర్వాత పొలం గట్టున ఎవరో మందు కొడుతుంటే కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది, ఆ తల్లి గొంతు మళ్లీ చెవిలో వినబడుతుంది.

పట్నంలో పనిచేసేవాళ్లకు లేని బరువు ఒకటి పల్లె సిబ్బందికి ఉంది. పట్నంలో క్షతగాత్రుడు ఎవరో తెలియదు. ఇక్కడ ఈఎంటీ పక్క ఊరివాడు. కాల్‌లో ఊరి పేరు వినగానే మనవాళ్లెవరైనానా అని గుండె ఝల్లుమంటుంది. రోడ్డు మీద పడి ఉన్నది బడిలో తనతో చదివినవాడు కావచ్చు, మేనత్త కొడుకు కావచ్చు. ఆ పూట చేతుల్లోనే ప్రాణం పోయిన మనిషి తండ్రి, పది రోజులకు సత్తెనపల్లి సంతలో ఎదురుపడతాడు. ఆ మలుపు మీదుగానే రోజూ డ్యూటీకి పోవాలి.

2024 మే 15 తెల్లవారుజామున మన జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర, ఓటేసి హైదరాబాద్ తిరిగి వెళుతున్నవారి బస్సును టిప్పర్ ఢీకొంది. మంటల్లో ఆరుగురు సజీవ దహనమయ్యారు. ఆ వార్త మనం పొద్దున కాఫీ తాగుతూ చదివాం, అయ్యో అనుకున్నాం, పేజీ తిప్పాం. ఆ రాత్రి మంటలార్పినవాళ్లు, గాయపడినవాళ్లను బళ్లలో ఎక్కించినవాళ్లు, గుర్తుపట్టలేని శరీరాల దగ్గర తెల్లవార్లూ కాపలా కాసినవాళ్లు మర్నాడు ఏం తిన్నారో, ఎలా నిద్రపోయారో ఏ పత్రికా రాయలేదు. రాయాలని మనమూ అడగలేదు.

నీళ్లలో నెత్తురు

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ దగ్గర బహనగ బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. మన విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే బండి అది. జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్డీఆర్ఎఫ్, నుజ్జయిన బోగీల్లోంచి 44 మందిని ప్రాణాలతో బయటికి తీసింది, 121 మృతదేహాలను వెలికితీసింది. నాలుగు రోజుల తర్వాత ఆ దళం అధిపతి అతుల్ కర్వాల్ ఢిల్లీలో ఒక సభలో నిజం దాచకుండా చెప్పారు. తన జవాన్లలో ఒకరికి నీళ్లు చూసినప్పుడల్లా నెత్తురులా కనబడుతోందని, మరొకరికి ఆకలే పోయిందని అన్నారు. వాళ్లకు కౌన్సెలింగ్ ఏర్పాటు చేస్తున్నామని కూడా చెప్పారు.

నా దృష్టిలో ఆ ప్రకటన చాలా విలువైనది. దేశంలోనే అత్యుత్తమ శిక్షణ పొందిన దళం, దాదాపు నాలుగు నెలల ముందే తుర్కియే భూకంప శిథిలాల్లో పనిచేసి వచ్చిన దళం, తన మనుషుల మనసు గాయపడిందని నలుగురిలో ఒప్పుకుంది. శిక్షణ లేనందువల్లో, ధైర్యం చాలనందువల్లో వచ్చే బాధ కాదిది అని అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? నిప్పు దగ్గర పనిచేసేవాడికి చెయ్యి కాలుతుంది. బరువులు మోసేవాడికి నడుం పడుతుంది. చావు దగ్గర పనిచేసేవాడికి మనసు గాయపడుతుంది. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది అంతా ఇందులోనే ఉంది: ఇది పనిలో తగిలిన గాయం. కాబట్టి దీనికి వైద్యం చేయించడం, విశ్రాంతి ఇవ్వడం పని చేయించుకునేవాళ్ల బాధ్యత. పక్కన నిలబడటం ఆ పనివల్ల బతికిన మనందరి బాధ్యత.

మనసుకు ఏమవుతుంది

ఘోరం చూసినవారికి కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యమే కళ్లముందు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం సహజం. చాలామందిలో రెండు మూడు వారాల్లో అది తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకుండా, ఆ దృశ్యం పిలవని చుట్టంలా వస్తూ, ఆ చోటికీ ఆ మాటకూ మనిషి దూరంగా జరుగుతూ, ఇంట్లోవాళ్ల మీద ప్రేమ కూడా మొద్దుబారిపోతూ, ఎప్పుడూ ఏదో ముంచుకొస్తున్నట్టు ఒళ్లు బిగుసుకుపోయి ఉంటే, అది చికిత్స కావలసిన జబ్బు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యులు దాన్ని జబ్బుల జాబితాలో చేర్చారు. దానికి మంచి చికిత్సలున్నాయి. ఆ జ్ఞాపకాన్ని శిక్షణ పొందిన వైద్యుడి ఎదుట, కొద్దికొద్దిగా, భద్రంగా విప్పుకునే పద్ధతులున్నాయి. అవసరమైతే మందులున్నాయి.

ఏ కేసు ఎవరిని గాయపరుస్తుందో ముందే చెప్పలేం. కానీ పసిపిల్లల మరణాలు, తన వాళ్లను గుర్తుచేసే మృతదేహాలు చాలామందిని లోతుగా కోస్తాయి. చనిపోయిన పిల్లవాడి బూట్లు తన కొడుకు బూట్లలాగే ఉన్నాయన్న ఒక్క సంగతి చాలు, పదేళ్ల అనుభవం ఉన్నవాడిని కూడా కూలదోయడానికి.

ఇంకో రకం గాయం ఉంది. కాపాడలేకపోయామన్న బాధ. 2025 ఫిబ్రవరి 22న కృష్ణకు అవతల, నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలింది. ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రెస్క్యూ బృందాలు, ఇరుకు సొరంగాలు తవ్వడంలో ఆరితేరిన ర్యాట్ మైనర్లు బురదలో, ఊట నీళ్లలో, ఏ క్షణాన పైకప్పు కూలుతుందో తెలియని చోట వారాల తరబడి పనిచేశారు. ఇద్దరి మృతదేహాలే బయటికి వచ్చాయి. చివరికి పని ఆపేయాల్సి వచ్చింది. ‘ఆపండి’ అన్న ఉత్తర్వు కాగితం మీద ఒక్క వాక్యం. లోపల ఇంకా ఆరుగురు ఉన్నారని తెలిసి వెనక్కి నడిచినవారికి అది ఎన్నేళ్లైనా తీరని వాక్యం. ‘మీరు చేయగలిగిందంతా చేశారు’ అని వాళ్ల పైఅధికారి ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి చెప్పడం కూడా వైద్యమే.

ఆ బాధ చెప్పుకునే చోటు లేనప్పుడు మనిషి మందు సీసా దగ్గరికి పోతాడు. డ్యూటీ దిగగానే ఒక క్వార్టర్ వేస్తే గానీ కన్ను మూతపడదంటాడు. ఇంట్లో చిర్రుబుర్రులాడతాడు. ‘మా ఆయన మారిపోయాడండీ’ అని భార్య చెబుతుంది. చుట్టాలు తాగుబోతని ముద్ర వేస్తారు. తాగుడు వెనక నిద్రలేని రాత్రులున్నాయని ఎవరూ అడగరు. కొందరు మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనుక్కుని మింగుతారు. ఘోరం చూసిన మొదటి నెలలో ఆ బాధకు మందుగా ఈ రకం మత్తుమాత్రలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. దయచేసి గుర్తుపెట్టుకోండి.

ప్రపంచం నేర్చుకున్న పాఠం

ఈ గాయాన్ని గుర్తించినవారిలో ముందువరసలో నిలిచినవారు ఆ పని చేసినవాళ్లే. అమెరికాలో అగ్నిమాపక, అంబులెన్స్ పని చేసి మనస్తత్వ శాస్త్రం వైపు వచ్చిన జెఫ్రీ మిచెల్, 1983లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఘోర ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లో బృందమంతా కూర్చుని, చూసినదీ అనుభవించినదీ వరసగా చెప్పుకోవాలన్నాడు. ప్రపంచమంతా దాన్ని అందిపుచ్చుకుంది. తర్వాత జాగ్రత్తగా పరిశోధనలు చేసి చూస్తే, ఒక్కసారి కూర్చోబెట్టి గాయాన్ని తవ్వించడం వల్ల జబ్బు రాకుండా ఆగడం లేదని, కొందరికి అది మరింత హాని చేస్తోందని తేలింది. ఇష్టం లేనివాడి చేత బలవంతంగా చెప్పించడం తప్పని వైద్యలోకం ఒప్పుకుంది.

దాని స్థానంలో నిలిచినవి రెండు. ఒకటి, మానసిక ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దానికి చేతిపుస్తకం ఇచ్చింది. చూడు, విను, కలుపు అన్నవి దాని మూడు మెట్లు. మనిషి ఎలా ఉన్నాడో చూడు. చెబితే విను, చెప్పకపోతే వదిలెయ్. తిండి, నిద్ర, కుటుంబం, వైద్యం, ఏది కావాలో దానితో కలుపు. రెండోది, బ్రిటన్ నౌకాదళ సైనికుల్లో మొదలైన ట్రిమ్ పద్ధతి. బృందంలోనే ఒకరిద్దరికి శిక్షణ ఇస్తారు. ఘటన జరిగిన మూడు రోజులకు ఒకసారి, నెలకు మళ్లీ ఒకసారి వాళ్లు తోటివాడిని పలకరించి, తగ్గుతోందో లేదో చూస్తారు. తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. కోట్లు ఖర్చయ్యే పని కాదిది. తోటివాడు తోటివాడిని క్రమం తప్పకుండా కనిపెట్టుకుని ఉండటమే ఇందులో కీలకం.

మన దేశంలో కాగితాల కొరత లేదు. విపత్తుల్లో మానసిక ఆరోగ్య సేవల మీద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ప్రకటించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి పౌరుడికీ మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఒంటి జబ్బుకు బీమా ఇచ్చినట్టే మనసు జబ్బుకూ ఇవ్వాలంది. ఆ కాగితం కొండమోడు జంక్షన్ దగ్గర నిలబడ్డ అంబులెన్స్ దాకా నడిచి రావాలి.

యూనిఫాం లేని రక్షకులు

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. అందులోని 77 మందిలో 26 మంది ప్రాణాలతో బయటపడ్డారంటే, ఒడ్డున ఉన్న గిరిజనులు నాటుపడవలేసుకుని సుడిగుండాల్లోకి దూకడం వల్లే. నెల దాటాక, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి లాగింది. అందులో చిక్కుకున్న మృతదేహాల దగ్గర పనిచేసింది వాళ్లే. మనం చప్పట్లు కొట్టాం, ఫొటోలు వేశాం. అంతకు ముందు, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు పది వేల మంది పోయారు. కుళ్లిన శవాలను మోసి, గోతులు తీసి పూడ్చిన కుర్రాళ్లు, స్వచ్ఛంద సేవకులు ఇవాళ ముసలివాళ్లు. వాళ్లలో ఎందరు ఆ వాసనను నలభై ఏళ్లు మోశారో లెక్క రాసినవారు లేరు.

ఇక్కడ కాల్వలో, కృష్ణలో శవం ఆచూకీ దొరక్కపోతే పోలీసులు ఎవరిని పిలుస్తారు? గజ ఈతగాళ్లను. వాళ్లలో చాలామందికి జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు, బీమా లేదు. మసక నీళ్లలో చేతితో తడిమి వెతుకుతారు. చేతికి జుట్టు తగిలిన క్షణం గురించి వాళ్లు భార్యకు కూడా చెప్పరు. పని అయ్యాక చేతిలో ఏదో పెట్టి పంపిస్తాం. నా మాటల్లో ఏ ఒక్కటి అమలైనా, అది ముందు వాళ్లకు అందాలని కోరుతున్నాను.

ఏం చేయాలి

మొదటిది, శాఖలకు. పసిపిల్లల మరణం, సామూహిక మరణాలు, తోటి ఉద్యోగి మరణం వంటి కేసు తర్వాత ఆ బృందానికి వెంటనే ఇంకో కాల్ ఇవ్వకండి. పక్క బండిని సర్దండి, ఒక పూట విశ్రాంతి ఇవ్వండి. 12 గంటల షిఫ్టు, ఏటా ఉంటుందో ఊడుతుందో తెలియని కాంట్రాక్టు ఉద్యోగం, ఆలస్యమయ్యే జీతం: ఇవి గాయం మీద కారం చల్లడమే. ఇవి సరిచేయకుండా కౌన్సెలర్‌ను పంపడం సగం వైద్యం. నిద్ర పట్టడం లేదని చెప్పినవాడి ఉద్యోగానికి ఆ మాట వల్ల ముప్పు రాకూడదు. ఆ మాట రహస్యంగా ఉండాలి. మూడు రోజులకు, నెలకు పలకరించే తోటివారికి శిక్షణ ఇప్పించండి.

రెండోది, ఆస్పత్రులకు. మీ దగ్గర అప్పగించిన మనిషి బతికాడా లేదా అన్నది ఆ ఈఎంటీకి ఒక్క ఫోన్‌లో చెప్పండి. బతికాడని తెలియడం ఎంత పెద్ద మందో నేను చూశాను. బతకలేదని తెలియడం కూడా, ఏమైందో తెలియకుండా కుమిలిపోవడం కన్నా మేలు.

మూడోది, మనకు. ప్రమాదం దగ్గర గుమిగూడి సెల్‌ఫోన్లు ఎత్తకండి. బండి ఆలస్యమైందని సిబ్బంది మీద చెయ్యి చేసుకోకండి. ఎదురుగా చచ్చిపోతున్న మనిషి, చుట్టూ తిట్టే జనం, ఈ రెండూ కలిస్తే ఆ రాత్రి ఇంకెప్పటికీ పోదు. దారి ఇవ్వండి. వీలైతే ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వండి.

నాలుగోది, ఇంట్లోవాళ్లకు. అమ్మా, చెల్లీ, ఏం చూశావని గుచ్చి అడగకండి. ‘అన్నం తిన్నావా, ఇవాళ కష్టంగా ఉన్నట్టుంది’ అంటే చాలు. నెల దాటినా కోపం, తాగుడు, నిద్రలేమి తగ్గకపోతే, బతికి లాభం లేదన్న మాట ఒక్కసారి విన్నా, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకురండి.

ఐదోది, డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి వెనక వరసల్లో కూర్చున్న 108, అగ్నిమాపక, పోలీసు సిబ్బందికి, మీకు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. మన అందరి కోసం, మూడంకెలు నొక్కగానే సైరన్ మోగించుకుంటూ వచ్చే మీరు, మీ కోసం ఆ ఐదంకెలు నొక్కడానికి సిగ్గుపడకండి. సాయం అడిగినవాడు పిరికివాడని అనేవాడికి మీ పని ఏమిటో తెలియదు.

పల్నాటి కథలో నాకు బాలచంద్రుడి కత్తి కన్నా గొప్పగా తోచేది బ్రహ్మనాయుడి చాపకూడు. కులం, హోదా చూడకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టడం. మందపోరు నాడు కారంపూడిలో ఇప్పటికీ ఆ పంక్తి వేస్తున్నాం. ఈ సభ నిర్వాహకులకు, మండల పెద్దలకు నా విన్నపం అదే. నెలకొకసారి ఈ రాజుపాలెంలో పైలట్, ఈఎంటీ, ఫైర్‌మన్, కానిస్టేబుల్, హోంగార్డు, మార్చురీలో పనిచేసే అన్న, గజ ఈతగాడు ఒకే పంక్తిలో కూర్చుని భోంచేసే ఏర్పాటు చేయండి. జిల్లా మానసిక ఆరోగ్య బృందం నుంచి ఒకరిని పిలిపించండి. ఆ పంక్తిలో ఉపన్యాసాలు వద్దు. మాట్లాడాలనుకున్నవాడు మాట్లాడతాడు, లేనివాడు అన్నం తిని పోతాడు. ఎవరి ముఖం వాడిందో పక్కవాడికి తెలుస్తుంది. ఎవరు రెండు నెలలుగా రాలేదో కూడా తెలుస్తుంది, అప్పుడు వాళ్ల ఇంటికి వెళ్లి పిలుచుకురావచ్చు.

మొదటి పంక్తి వచ్చే నెలలోనే వేయండి. వడ్డించడానికి నేను వస్తాను.